ఎక్కిన గేరులోనే దిగాలి

కొండ రోడ్ల మీద బండి నడిపేవాళ్ళు కొత్త డ్రైవరుకు మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. ఎక్కేటప్పుడు రెండో గేరు అడిగిన వాలు దిగేటప్పుడూ రెండో గేరే అడుగుతుంది. మైదానంలో నడిపి అలవాటైనవాళ్ళకు ఇది వింతగా తోస్తుంది. ఎక్కడం కష్టం కాబట్టి చిన్న గేరు కావాలి, సరే. దిగడానికి కష్టమేముంది, బండి దానంతటదే పోతుంది కదా అనుకుంటారు. బండి దానంతటదే పోవడమే అసలు చిక్కు. ఈ అధ్యాయం హైదరాబాదు నుంచి నీలగిరుల్లోని కూనూరుకు కారులో వెళ్ళి రావడం గురించి. ఎండాకాలం సెలవులొస్తే మనవాళ్ళు చాలామంది అటే బయల్దేరతారు, తేయాకు తోటల మధ్య నాలుగు రోజులు చల్లగా గడిపి వద్దామని. ఆ ప్రయాణాన్ని ఆసరాగా చేసుకుని ఇక్కడ ఒక్క విషయం వాదించబోతున్నాను. మనల్ని మనం అదుపులో ఉంచుకునే పనిని అప్పటికప్పుడు తొక్కే బ్రేకుకు వదిలేయకూడదు. వాలు మొదలవక ముందే వేసుకునే గేరుకు అప్పగించాలి. బతుకు కష్టంగా ఉన్న రోజులకన్నా సులువుగా ఉన్న రోజుల్లోనే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి.

ముందు లెక్క చూద్దాం. కూనూరు సముద్రమట్టానికి సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది. కొండ కింది మెట్టుపాళయం 325 మీటర్ల దగ్గర ఉంది. ఇంటిల్లిపాదీ సామానుతో సహా కూర్చున్న కారు బరువు ఒకటిన్నర టన్ను అనుకుందాం. అది ఆ ఎత్తు నుంచి కిందికి దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తిని కరెంటు లెక్కలో చెబితే ఆరు యూనిట్లకు పైనే. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెను ఆరు గంటలపాటు ఆపకుండా కాల్చినంత వేడి. అందులో కొంత గాలి లాక్కుంటుంది, కొంత టైర్ల రాపిడిలో పోతుంది. మలుపులతో నిండిన ఘాట్ మీద వేగం తక్కువ కాబట్టి గాలి లాక్కునేది కొంచెమే. మిగిలిందంతా ఎక్కడికో ఒక చోటికి పోవాలి. గేరు పెద్దదైతే అది అరచేయంత బ్రేకు ప్యాడ్ల మీదా, చక్రాల్లోని ఇనప బిళ్ళల మీదా పడుతుంది. గంటకు పైగా సాగే దిగుడులో అవి కాగిపోతాయి, ప్యాడ్ల పట్టు తగ్గిపోతుంది. వేడి ఇంకా పెరిగితే బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో బుడగలు కడతాయి. ద్రవం నొక్కితే ఒత్తిడి చక్రం దాకా వెళుతుంది. బుడగను నొక్కితే బుడగే కుంచించుకుపోతుంది. అప్పుడు పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. చిన్న గేరులో దిగితే ఈ కథ వేరు. చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది, ఆ తిప్పడంలోనే వేగానికి కళ్ళెం పడుతుంది. అక్కడ పుట్టే వేడిని బయటికి పంపడానికి రేడియేటరు, నీళ్ళు, ఫ్యాను అన్నీ ముందే అమర్చి ఉన్నాయి. బ్రేకుకు అలాంటి ఏర్పాటు లేదు. ఎంత మంచి కంపెనీ బండి అయినా, ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా ఈ లెక్క మారదు.

ఘాట్ దిగుతున్న మంచి డ్రైవరు కాలు ఒకసారి గమనించండి. హెయిర్‌పిన్ మలుపు ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగానే, రోడ్డు తిన్నగా ఉన్నచోటే, బ్రేకును ఒకసారి గట్టిగా నొక్కి వదిలేస్తాడు. గేరు అప్పటికే రెండులో ఉంటుంది. ఇంజిన్ కాస్త గట్టిగా మూలుగుతుంది, టాకోమీటరు ముల్లు పైకి లేస్తుంది. కొత్తవాళ్ళు ఆ చప్పుడుకు భయపడి మూడులోకి మారుస్తారు, అతను మార్చడు. మలుపులో స్టీరింగ్ తిప్పుతున్నంతసేపూ కాలు బ్రేకు మీద ఉండదు, దాని పక్కన ఊరికే ఆని ఉంటుంది. కళ్ళు రోడ్డు చివర నుంచి వచ్చే బస్సు మీద ఉంటాయి. ఎదురుగా ఎక్కివచ్చే బండి కనిపిస్తే తనే పక్కకు తీసి ఆగుతాడు, ఎందుకంటే ఇరుకైన కొండ దారిలో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలని మన రోడ్డు నిబంధనల్లోనే ఉంది. ఇంకోరకం డ్రైవరు డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తాడు. ఇప్పటి ఇంజిన్లలో ఆ లాభం కూడా లేదు: గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం పోయడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికి కొంత కాలుతూనే ఉంటుంది. పూర్తిగా ఇంజిన్ ఆపేసి దిగేవాడైతే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. మిగిలిందనుకున్న పొదుపు ఏమీ లేకపోగా పట్టు కూడా పోయింది.

మా బండి ఆటోమేటిక్ కదా, గేరు మా చేతిలో లేదు కదా అంటారు కొందరు. ఉంది. లివరు మీద ఎల్ అనో, 2 అనో, మైనస్ గుర్తనో ఉంటుంది. ఏఎంటీ బండిలో మాన్యువల్ మోడ్ ఉంటుంది. కొన్న నాటి నుంచి దాన్ని ముట్టుకోనివాళ్ళు చాలామంది. విద్యుత్ కారులో దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి వేగాన్ని పట్టుకుంటుంది, పైగా ఆ శక్తిని బ్యాటరీలోకి తిప్పి పంపుతుంది. అందులోనూ ఒక మెలిక ఉంది: కొండ మీద హోటల్లో రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే నిండు బ్యాటరీతో దిగడం మొదలుపెడితే ఆ శక్తిని నింపుకోవడానికి చోటుండదు. అప్పుడు భారమంతా మళ్ళీ బ్రేకుల మీదికే వస్తుంది. దిగే రోజు కొంత ఖాళీ ఉంచుకోవాలి. బండి ఏదైనా సూత్రం ఒక్కటే, అదుపుకు ముందుగా చోటు కల్పించి పెట్టుకోవడం.

కొండలతో ఎక్కువ కాలం కాపురం చేసినవాళ్ళంతా ఈ సంగతి గ్రహించారు. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా రైలు 1899లో వచ్చింది, ఊటీ దాకా 1908లో. మొత్తం 46 కిలోమీటర్లు. కల్లార్‌కూ కూనూరుకూ మధ్య వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు దాకా ఉంటుంది. మామూలు పట్టాల మీద ఇనప చక్రం అక్కడ జారిపోతుంది. అందుకని రెండు పట్టాల నడుమ పళ్ళున్న మరో పట్టీని పరిచారు, ఇంజిన్ కింద పళ్ళ చక్రం అందులో బిగుసుకుని ఒక్కో పన్నే దాటుతుంది. ఇంజిన్ ఎప్పుడూ పల్లం వైపునే ఉంటుంది: ఎక్కేటప్పుడు పెట్టెల్ని వెనక నుంచి నెడుతుంది, దిగేటప్పుడు ముందు నిలబడి మోస్తుంది. అంటే దిగడంలో అదుపు తప్పకుండా ఉండటానికి కావలసిన ఏర్పాటు రైలు కదలక ముందే పట్టాల్లో ఉంది. డ్రైవరు ఆ రోజు ఎంత ఉత్సాహంగా ఉన్నాడన్న దాని మీద ఆధారపడలేదు. మన తిరుమల కొండ ఇంకా సూటిగా చెబుతుంది. ఘాట్ రోడ్డు మొదట్లో ఇచ్చే చీటీ మీద సమయం వేసి, రెండో కొసన దాన్ని చూస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడి నియమం. అంతకన్నా ముందే చేరితే జరిమానా. దిగడానికి ఎక్కువ సమయం పెట్టారని గమనించండి. మెట్లెక్కేవాడికి ఆయాసం ఎక్కడంలోనే ఉంటుంది కాబట్టి మన మనసు ఎప్పుడూ ఎక్కడాన్నే కష్టమని లెక్కేసుకుంటుంది. ఘాట్ నడిపే సంస్థ మాత్రం ప్రమాదాన్ని లెక్కేసింది.

ఇప్పుడు ప్రయాణం దగ్గరికి వద్దాం. హైదరాబాదు నుంచి బెంగళూరు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద 570 కిలోమీటర్లు. అక్కడి నుంచి మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే, తరువాత నంజనగూడు, గుండ్లుపేట, బండీపూర్ అడవి, రాష్ట్రం దాటగానే ముదుమలై అడవి, ఆపైన కొండ. ఈ దారి మొత్తాన్ని ఒకే ఊపులో కొట్టేయాలని చూసేవాళ్ళు ఇద్దరు డ్రైవర్లున్నారని ధైర్యం చెప్పుకుంటారు. బండీపూర్ మీదుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేశారు, 2009 నుంచి అమల్లో ఉన్న కట్టడి అది. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయనే ఆ గేటు వేశారు. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అదే వేళకు గేటు పడటం మనవాళ్ళకు తెలిసిందే. ఆ గేటును తిట్టుకుంటూ తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు చేరుకుందామని ఎక్స్‌ప్రెస్‌వే మీద యాక్సిలరేటరు తొక్కేవాడు దాన్ని బ్రేకులాగా వాడుకుంటున్నాడు. అదే గేటును ఇంట్లో కూర్చుని ప్రణాళిక వేసుకునేటప్పుడే లెక్కలోకి తీసుకున్నవాడికి అది గేరు అవుతుంది. మొదటి రోజు బెంగళూరులోనో మైసూరులోనో పడుకుంటాడు. రెండో రోజు టిఫిను చేసి బయల్దేరి, పగటి వెలుగులో అడవి దాటి, మంచు దిగక ముందే కొండ ఎక్కేస్తాడు. గేటు అదే, దూరం అదే. గేటు ఎక్కడ కనిపించిందన్నదొక్కటే తేడా, ఒకరికి కాగితం మీద, ఇంకొకరికి కళ్ళెదుట.

దారి ఎంపిక కూడా అలాగే. ముదుమలైలో తెప్పకాడు దగ్గర రోడ్డు చీలుతుంది. గూడలూరు మీదుగా వెళితే దూరం ఎక్కువ. మసినగుడి, కల్హట్టి మీదుగా వెళితే దాదాపు ముప్ఫై కిలోమీటర్లు కలిసొస్తాయి, కానీ 36 హెయిర్‌పిన్ మలుపులతో రోడ్డు నిలువుగా లేస్తుంది. ఆ ఘాట్‌లో బ్రేకులు పట్టు తప్పి జరిగిన ప్రమాదాలు ఎన్నో. అందుకే కల్హట్టి మీదుగా దిగడానికి బయటి జిల్లాల వాహనాలను అనుమతించరు. మళ్ళీ అదే పాఠం, ఎక్కడానికి కాదు, దిగడానికి. ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2024 మే 7 నుంచి నీలగిరులకు వెళ్ళే బయటి వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌లో రోజుకు 6,000 వాహనాలు, వారాంతాల్లో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. బయల్దేరే ముందు ఆ నెలలో ఏ నియమం ఉందో చూసుకుని పాస్ తీసుకోవడం పది నిమిషాల పని. చెక్‌పోస్టు దగ్గర లైనులో నిలబడి, సిగ్నల్ లేని ఫోనులో, వెనక పిల్లలు ఏడుస్తుండగా అదే పని చేయాలంటే అరపూట పోతుంది.

కూనూరు చేరాక తోటలోకి వెళ్ళి తేయాకు పొదను దగ్గరగా చూడండి. ఏమీ చేయకుండా వదిలేస్తే అది ముప్ఫై నలభై అడుగుల చెట్టవుతుంది. నడుము ఎత్తున, పైన బల్లలా చదునుగా ఉండటానికి కారణం నాలుగైదేళ్ళకోసారి చేసే కత్తిరింపు, వారం పది రోజులకోసారి వచ్చే కోత. కోసే మనిషి చేతులు చూడండి. రెండాకులూ ఒక మొగ్గా ఉన్న కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుంచి అరచేతిలోకి తోసుకుంటూ, గుప్పిడి నిండగానే భుజం మీదుగా వెనక బుట్టలోకి విసురుతుంది. ఒక్కో కొస దగ్గర ఇది తుంచాలా వద్దా అని ఆగదు. ఆ నిర్ణయం పొద్దున తోటలోకి అడుగు పెట్టక ముందే అయిపోయింది. ఆశపడి మూడో ఆకూ నాలుగో ఆకూ లాగితే బరువు పెరుగుతుంది, టీ ముతకైపోతుంది, పొద నీరసిస్తుంది. ఈ పొదను చూసి క్రమశిక్షణ గురించి చెప్పేటప్పుడు ఒక నిజం దాచకూడదు. ఈ తోటల్లో కోత కోసేవాళ్ళలో చాలామంది తమ ఇష్టంతో ఈ క్రమాన్ని ఎంచుకున్నవాళ్ళు కాదు. 1964 భారత్-శ్రీలంక ఒప్పందం తరువాత శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలకు పని చూపించడానికి తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ తోటలు వేసింది, వాటి కోసమే టాన్‌టీ సంస్థ ఏర్పడింది. కూలి కోసం ఒకరి మీద పడ్డ కట్టడికీ, తన మేలు కోసం తను పెట్టుకున్న కట్టడికీ చాలా దూరం ఉంది. ఈ అధ్యాయంలో నేను సమర్థిస్తున్నది రెండోదాన్ని మాత్రమే.

ఆ రెండోదాన్ని ఇంటికి తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? డబ్బు దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. జీతం చాలని రోజుల్లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఎక్కుడు రోడ్డు అది, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. జీతం పెరిగిన నెల నుంచి దిగుడు మొదలవుతుంది. పెద్ద ఫోను, ఇంకాస్త పెద్ద ఇల్లు, ఇంకో ఈఎంఐ, ఒక్కోటీ చిన్న వాలే. ప్రతిసారీ వద్దులే అని మనసును ఆపుకుంటూ పోతే అది బ్రేకు మీద కాలు పెట్టి ఘాట్ దిగడమే. అర్థశాస్త్రవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి అమెరికాలోని ఒక కంపెనీ ఉద్యోగులతో దీన్ని పరీక్షించి 2004లో ఫలితం ప్రచురించారు. ఇప్పుడు పొదుపు చేయమని వాళ్ళు అడగలేదు. జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరిగినదానిలో కొంత తనంతట తానే పొదుపులోకి పోయేలా ముందే ఒప్పుకోమని అడిగారు. చాలామంది ఒప్పుకున్నారు. నలభై నెలల్లో వాళ్ళ పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. వాళ్ళు అంతకుముందుకన్నా గట్టి మనసున్నవాళ్ళయిపోలేదు. వాలు రాకముందే గేరు మార్చుకున్నారు, అంతే. మన దగ్గర ఇది చేయడానికి పెద్ద పథకం అక్కర్లేదు. ఇంక్రిమెంటు ఉత్తర్వు చేతికొచ్చిన రోజునే, పెరిగిన జీతం ఖాతాలో పడక ముందే, బ్యాంకులో ఇంకో రికరింగ్ డిపాజిట్ తెరిచి రావాలి. ఒక నెల ఆగితే ఆ పెరిగిన డబ్బుకు ఇంట్లో అప్పటికే ఒక పేరు పెట్టేసి ఉంటారు.

ఫోనూ అంతే, తిండీ అంతే, కోపమూ అంతే. వీటి మీద ఎక్కువ చెప్పను, ఎవరి వాలు ఎక్కడుందో వారికే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మీ వాలు ఎక్కడుందో వెతికేటప్పుడు కష్టమైన చోట వెతకకండి. పరీక్ష ముందు నెల కాదు, పరీక్ష అయిపోయిన మర్నాడు. ఆస్పత్రిలో ఉన్నప్పటి పథ్యం కాదు, రిపోర్టులు బాగున్నాయని డాక్టరు చెప్పిన రోజు రాత్రి భోజనం. వ్యాపారం నష్టాల్లో ఉన్న ఏడాది కాదు, మొదటిసారి లాభం వచ్చిన ఏడాది. నడకలో ఇబ్బంది తగ్గిన ప్రతిచోటా ఏ గేరులో ఉన్నామో చూసుకోవాలి.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది చదువుకున్నవాళ్ళ నుంచి వస్తుంది. మనోబలం బ్రేకులాగా వాడేకొద్దీ అరిగిపోతుందన్న సిద్ధాంతం ఇప్పుడు అనుమానంలో పడింది కదా అంటారు. నిజమే. ఒక పని మీద నిగ్రహం చూపిస్తే తరువాతి పనికి నిగ్రహం తగ్గుతుందని 1990ల చివర మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు, అది చాలాకాలం అందరి నోటా నానింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేల మందికి పైగా మనుషులతో ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి మనసు బ్రేకు ప్యాడ్‌లాగా కాగిపోతుందని నేను శాస్త్రం పేరుతో చెప్పను. ఆ పోలిక కారుకు సంబంధించినంత వరకే లెక్కతో సహా నిజం. నా వాదన నిలబడటానికి అది అక్కర్లేదు. జర్మనీలో 205 మంది రోజువారీ జీవితంలో ఎదుర్కొనే కోరికల్ని వారంపాటు నమోదు చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది: ఆత్మనిగ్రహం ఎక్కువ ఉన్నట్టు తేలినవాళ్ళు కోరికలతో ఎక్కువగా పోరాడుతున్నవాళ్ళు కారు, అసలు అలాంటి పోరాటాలే వాళ్ళకు తక్కువగా ఎదురవుతున్నాయి. అంటే మనం బయటి నుంచి చూసి గట్టి బ్రేకు అనుకుంటున్నదాంట్లో చాలా భాగం గేరే. మనోబలం అరుగుతుందా లేదా అన్న తగవు తేలకపోయినా, దాన్ని పిలవాల్సిన సందర్భాలు తగ్గించుకోవడం మేలన్నది మాత్రం నిలబడుతుంది.

రెండో అభ్యంతరం మనసుకు దగ్గరిది. అన్నీ ముందే నిర్ణయించుకుంటే ఇంక ప్రయాణం ఎందుకు, అనుకోకుండా ఎదురయ్యేదాని కోసమే కదా రోడ్డెక్కేది అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. గంట గంటకూ చార్టు వేసుకుని, పది చోట్ల ఫొటోలు దిగి, ఏ చోటా పావుగంట కూర్చోకుండా తిరిగొచ్చే ప్రయాణాలు చాలానే జరుగుతున్నాయి. అవి నేను చెబుతున్నదానికి ఉదాహరణలు కావు, వ్యతిరేకాలు. రెండో గేరు బండిని ఎటు పోవాలో చెప్పదు, ఎంత వేగం దాటకూడదో ఒక్కటే చెబుతుంది. మిగతాదంతా డ్రైవరుకే వదిలేస్తుంది. కాలు బ్రేకు మీద బిగుసుకుని లేనప్పుడే పక్క లోయలో పొగమంచు కదలడం కనిపిస్తుంది. రెండు మూడు కట్టడులు మాత్రమే ముందే పెట్టుకోండి: చీకటి పడ్డాక కొండ రోడ్డు మీద ఉండకూడదు, రోజుకు ఒకే చోటు, దిగేది పగలే. ఇవి ఉంటే మిగతా రోజంతా ఎలా గడిచినా ఫరవాలేదు. తోటలో ఒక అరుగు మీద కూర్చుని ఒక పూటంతా ఏమీ చేయకుండా గడిపినా ప్రయాణం పాడవదు.

మూడోది, ముందుగా పెట్టిన నియమమే తప్పయితే? ఈ-పాస్ పరిమితిని నీలగిరుల వ్యాపారులు గట్టిగా వ్యతిరేకించారు. సీజన్ మీద బతికే టాక్సీ డ్రైవరుకు, చిన్న లాడ్జి యజమానికి అది కూటి సమస్య. ఇరుకు రోడ్లూ నీటి ఎద్దడీ చూసినవాళ్ళకు పరిమితి అవసరమే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ నియమం పెట్టేవాడొకడు, దాని ఖర్చు భరించేవాడు మరొకడు అయినప్పుడు తగవు రావడం సహజం. ఇంట్లోనూ ఇదే. పొదుపు కోసం పిల్లల చదువు మీదా, భార్య మందుల మీదా కట్టడి పెట్టి తన ఖర్చులు మాత్రం తాకని యజమాని గేరు మార్చడం లేదు, పక్కవాళ్ళను బ్రేకు చేసుకుంటున్నాడు. మీరు పెట్టుకునే గేరు మీ ఇంజిన్ మీదే పడాలి. ఎప్పుడు మార్చుకోవాలో కూడా తెలియాలి. చదును రోడ్డు మీద రెండో గేరులోనే నడిపేవాడి ఇంజిన్ కూడా పాడవుతుంది. వాలు అయిపోయాక పట్టుకుని కూర్చున్న కట్టడి పిసినారితనం అవుతుంది.

ఇక తిరుగు ప్రయాణం. సెలవు అయిపోయింది, సరుకులు కొన్నారు, మనసు అప్పటికే ఇంట్లో ఉంది. ఆ ఆదరాబాదరాలోనే చాలామంది మొదటి మలుపులో మూడో గేరుతో దిగడం మొదలుపెడతారు. కూనూరు నుంచి మెట్టుపాళయం దారినే దిగండి, సీజన్‌లో పోలీసులు కోటగిరి వైపు మళ్ళిస్తే ఆ దారిన. అక్టోబరు, నవంబరు నెలల్లో వర్షాలకు ఈ కొండల్లో కొండచరియలు విరిగిపడుతుంటాయి, ముందు రోజు వాకబు చేసుకోండి. బయల్దేరక ముందే, హైదరాబాదులోనే, బ్రేకు ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయిందో మెకానిక్‌ను అడగండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్ళు దాటి ఉంటే మార్పించండి. దిగేటప్పుడు కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకు ఆపి, బండి గేరులో వేసి, చక్రాల కింద రాయి పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోండి. కాగిన డిస్కుల మీద నీళ్ళు పోయకండి, బిళ్ళలు వంకరపోతాయి. వెనక హారన్ కొట్టేవాడికి దారి ఇచ్చేయండి. బర్లియార్ దాటాక గాలి వెచ్చబడుతుంది, రోడ్డు తిన్నగా కనబడుతుంది, గేరు మార్చమని చేయి లాగుతుంది. అక్కడ ఇంకా వాలు ఉంది. కల్లార్ దగ్గర వక్కతోటలు వచ్చేదాకా రెండో గేరు వదలకండి.